టీ కణానికి తొలి సంకేతం: సంకేత ఎంజైములపై నాలుగు దశాబ్దాల చర్చ

టీ కణం ఎలా ఉత్తేజితమవుతుందో పాఠ్యపుస్తకాలు ఒక గొలుసు బొమ్మ గీసి చూపిస్తాయి. కణం ఉపరితలం మీద ఉన్న గ్రాహకం తనకు సరిపడే ప్రతిజనకాన్ని, అంటే వైరసు నుంచో కేన్సర్ కణం నుంచో వచ్చిన ఒక చిన్న ప్రొటీను తునకను గుర్తిస్తుంది. ఆ వెంటనే కణం లోపల ఒక ఎంజైము మరొక ఎంజైమును, అది ఇంకొకదాన్ని కదిలిస్తూ పోగా, చివరకు కేంద్రకంలోని కొన్ని జన్యువులు పనిలోకి దిగి కణం విభజన చెందడం మొదలుపెడుతుంది. ఈ గొలుసులోని లంకెల్లో చాలావాటి పేర్లూ నిర్మాణాలూ ఈనాడు తెలిసినవే. అయితే మొట్టమొదటి లంకె దగ్గర, అంటే కణత్వచానికి బయట జరిగిన గుర్తింపు త్వచానికి లోపలున్న ఎంజైములకు ఎలా చేరుతుందన్న దగ్గర, పరిశోధకులు ఇప్పటికీ ఒక మాట మీదికి రాలేదు. కొత్త పరికరాలు వచ్చేకొద్దీ ఈ చర్చ తేలకపోగా మరింత చిక్కుపడింది. ఒకే ప్రశ్నకు పోటీ సమాధానాలుగా కనిపిస్తున్న సిద్ధాంతాలలో కొన్ని నిజానికి వేరువేరు ప్రశ్నలకు సమాధానాలు కావడం ఈ చిక్కుకు ఒక ముఖ్య కారణం.

ఎంజైము లేని గ్రాహకం

ఇన్సులిన్ గ్రాహకం విషయంలో ఇటువంటి చిక్కు లేదు. దాని లోపలి భాగమే ఒక కైనేజు, అంటే ఏటీపీ అణువు నుంచి ఒక ఫాస్ఫేటును తీసి మరొక ప్రొటీనుకు తగిలించే ఎంజైము. ఈ సంకేత వ్యవస్థ అంతటికీ ఫాస్ఫేటును సమకూర్చే ఏటీపీని 1929లో హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి గుర్తించినవాడు భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అన్నది తెలుగు పాఠకులు ఇక్కడ తలచుకోదగిన సంగతి. అదే కాలంలో జర్మనీలో కార్ల్ లోమాన్ కూడా దాన్ని స్వతంత్రంగా వేరుచేశాడు.

టీ కణ గ్రాహకానికి అటువంటి సొంత ఎంజైము లేదు. 1984లో దాని జన్యువులు వెలుగులోకి వచ్చినప్పుడు, ప్రతిజనకాన్ని పట్టుకునే ఆల్ఫా, బీటా గొలుసుల తోకలు కణం లోపలికి కొద్దిపాటి అమైనో ఆమ్లాల మేరకే చొచ్చుకు వచ్చాయని, సంకేతం పంపగల సరంజామా ఏదీ వాటిలో లేదని తేలింది. ఆ పని వాటిని అంటిపెట్టుకుని ఉండే సీడీ3 కుటుంబపు ప్రొటీనులది. 1989లో మైఖేల్ రేత్ ఈ ప్రొటీనుల తోకలలో పదేపదే కనిపించే ఒక అమరికను గుర్తించాడు. దాన్ని ఇప్పుడు ఐటామ్ అంటారు. ప్రతి ఐటామ్‌లోనూ టైరోసిన్ అనే అమైనో ఆమ్లం రెండు చోట్ల ఉంటుంది. ఒక సంపూర్ణ గ్రాహకంలో పది ఐటామ్‌లు, అంటే ఇరవై టైరోసిన్లు ఉంటాయి. వీటికి ఫాస్ఫేటు తగలడమే తొలి సంకేతం.

టైరోసిన్‌కు ఫాస్ఫేటు తగులుతుందన్న విషయమే 1979 దాకా తెలియదు. ఆ ఏడాది సాక్ సంస్థలో టోనీ హంటర్ బృందం దాన్ని కనుగొన్నది. మామూలు కణంలోని ప్రొటీను ఫాస్ఫేటు మొత్తంలో టైరోసిన్ వాటా వెయ్యింట ఒక వంతు కూడా ఉండకపోవడం వల్ల అంతకుముందు అది ఎవరి కంటా పడలేదు. తరువాతి పదిహేనేళ్లలో తెర మీదికి వచ్చిన పాత్రలలో నాలుగు ఈ చర్చకు ప్రధానం.

రాసేవి, చెరిపేవి

మొదటిది ఎల్‌సీకే. 1980ల నడుమ బయటపడిన ఈ కైనేజు త్వచం లోపలి ముఖానికి అతుక్కుని ఉండి, ఐటామ్‌ల మీద ఫాస్ఫేటును రాస్తుంది. 1988లో క్రిస్టఫర్ రడ్, ఆంద్రే వెయెట్ బృందాలు విడివిడిగా చేసిన పనిలో ఇది సీడీ4, సీడీ8 అనే సహగ్రాహకాలను పట్టుకుని ఉంటుందని తెలిసింది. రెండవది జాప్-70. 1992లో ఆండ్రూ చాన్, ఆర్థర్ వైస్ తదితరులు దీని జన్యువును వేరుచేశారు. రెండు టైరోసిన్లకూ ఫాస్ఫేటు తగిలిన ఐటామ్ మీద మాత్రమే ఇది గట్టిగా కూర్చుంటుంది, ఆ తరువాత లాట్, ఎస్‌ఎల్‌పీ-76 అనే అనుసంధాన ప్రొటీనుల మీద ఫాస్ఫేటు రాస్తుంది. జాప్-70 ఎంత అవసరమో మనుషులలోనే రుజువయింది. దీని జన్యువులో లోపంతో పుట్టిన పిల్లల గురించి 1994లో మూడు బృందాలు నివేదించాయి. ఆ పిల్లల రక్తంలో సీడీ8 టీ కణాలు దాదాపు లేవు, సీడీ4 కణాలు ఉన్నా గ్రాహకం ద్వారా వచ్చే పిలుపుకు స్పందించలేదు.

మూడవది సీఎస్‌కే అనే కైనేజు. ఎల్‌సీకే తోకలో 505వ స్థానంలోని టైరోసిన్‌కు ఇది ఫాస్ఫేటు తగిలిస్తే ఎల్‌సీకే తన తోకను తానే పట్టుకుని ముడుచుకుపోతుంది. నాలుగవది సీడీ45 అనే ఫాస్ఫటేజు, అంటే ఫాస్ఫేటును చెరిపివేసే ఎంజైము. అసలు తలనొప్పి దీనితోనే. 505వ స్థానపు ఫాస్ఫేటును తీసివేసి ఎల్‌సీకేకు స్వేచ్ఛ ఇచ్చేది ఇదే. ఎల్‌సీకేను చురుకుగా ఉంచే 394వ స్థానపు ఫాస్ఫేటునూ, ఐటామ్‌ల మీద ఎల్‌సీకే రాసిన ఫాస్ఫేటునూ చెరిపేదీ ఇదే. సీడీ45 లేని కణం గ్రాహకం ద్వారా ఉత్తేజితం కాదని 1990 నాటికే తెలుసు. అది మితిమీరితే సంకేతం అణగిపోతుందని తరువాతి ఎలుక ప్రయోగాలు చూపించాయి. ఒకే ఎంజైము అనుకూలంగానూ ప్రతికూలంగానూ పనిచేస్తున్నప్పుడు, దాన్ని తీసివేసి చూసే ప్రయోగం ఏ ఫలితం ఇచ్చినా దాన్ని రెండు విధాలుగా చదవవచ్చు. ఈ రంగంలోని వివాదాలలో సగం ఇక్కడ పుట్టినవే.

ఎల్‌సీకే ముందే మేలుకుని ఉంటుందా?

తొలి రోజుల ఊహ సరళంగా ఉండేది. విశ్రాంతి కణంలో ఎల్‌సీకే నిద్రలో ఉంటుందని, ప్రతిజనకం తగలగానే అది మేలుకుంటుందని అందరూ అనుకున్నారు. 2010లో ఆక్స్‌ఫర్డ్‌లోని ఒరెస్తే అకూతో బృందం ఈ ఊహను గట్టిగా కుదిపింది. విశ్రాంతి దశలో ఉన్న టీ కణాలలోనే ఎల్‌సీకేలో దాదాపు 40 శాతం చురుకైన రూపంలో ఉందని, గ్రాహకాన్ని ప్రేరేపించినప్పుడు ఆ వాటాలో చెప్పుకోదగ్గ మార్పు లేదని ఆ బృందం నివేదించింది. దీని అర్థం స్పష్టం. ఎంజైము ముందే సిద్ధంగా ఉంది కాబట్టి, ప్రతిజనకం మార్చేది ఎంజైము చురుకుదనాన్ని కాక, అది ఐటామ్‌ల దగ్గరకు చేరే తీరునో, అక్కడి రాతను చెరిపే వేగాన్నో అయి ఉండాలి.

అయితే ఈ లెక్కను అందరూ ఒప్పుకోలేదు. కొలత కోసం కణాన్ని పగలగొట్టే క్షణంలోనే కైనేజులు, ఫాస్ఫటేజులు తమ పని సాగిస్తూ ఉంటాయి కాబట్టి, వాడే ద్రావణాన్ని బట్టి ఫలితం మారుతుందని విమర్శకులు చూపించారు. ఆ పొరపాటును సవరించి కొలిచామన్న బృందాలు విశ్రాంతి కణంలో చురుకైన ఎల్‌సీకే వాటా చాలా తక్కువేనని చెప్పాయి. సంఖ్య ఎంతన్నది తేలకపోయినా విశ్రాంతి కణంలో అది సున్నా కాదన్న విషయంలో ఇరుపక్షాలకూ విభేదం లేదు, వాదన బలానికి అది చాలు.

దీనికి తోడుగా మరొక పాత సాక్ష్యం ఉంది. పర్‌వనడేట్ అనే రసాయనంతో ఫాస్ఫటేజులను ఆపివేస్తే, ప్రతిజనకం ఏదీ లేకుండానే టీ కణం ఉత్తేజితమవుతుందని 1990ల ఆరంభంలోనే తెలిసింది. 2011లో వైస్ బృందం, ప్రత్యేకమైన మందుకు మాత్రమే లొంగేలా మార్చిన సీఎస్‌కే గల కణాలలో ఆ మందు వేసి సీఎస్‌కేను ఆపివేయగానే, గ్రాహకాన్ని ఎవరూ తాకకుండానే తొలి సంకేతాలు చెలరేగాయని చూపింది. అడుగున చిల్లు ఉన్న కుండలోకి నీటిధార ఎప్పుడూ పడుతూనే ఉన్నట్టు, విశ్రాంతి కణంలో రాత, చెరుపు రెండూ నిరంతరం సాగుతుంటాయి. చిల్లును మూసినా, ధారను పెంచినా మట్టం పెరుగుతుంది. 2014లో వచ్చిన తరువాతి పని ఈ చిత్రానికి ఒక పరిమితిని చేర్చింది. సీఎస్‌కేను ఆపడం వల్ల తొలి మెట్లు దాటినా, కాల్షియం సంకేతం పూర్తిస్థాయికి రావాలంటే కణపు అస్థిపంజరమైన యాక్టిన్ కూడా కదలవలసి ఉంటుంది. కనుక తూకం మారడం ఆరంభానికి చాలుతుంది, పూర్తి ఉత్తేజానికి చాలదు.

మూడు పక్షాలు

ప్రతిజనకం ఈ తూకాన్ని ఎలా మారుస్తుందన్న ప్రశ్నకు మూడు ప్రధాన సమాధానాలున్నాయి.

వీటిలో అన్నిటికంటె పాతది సమీకరణ వాదం. రెండు చేతులున్న ప్రతిరక్షకంతో గ్రాహకాలను జతచేస్తే కణం ఉత్తేజితమవుతుందని, దాని ఒంటి చేతి ముక్కతో సాధారణంగా కాదని 1980లలో గమనించారు. గ్రాహకాలు గుమిగూడితే వాటి చుట్టూ ఎల్‌సీకే కూడా పోగవుతుందన్నది ఈ పక్షం మాట. కాని ఒక టీ కణం ఒకే ఒక్క సరైన ప్రతిజనకాన్ని కూడా పసిగట్టగలదని 2002లో మార్క్ డేవిస్ బృందం చూపిన తరువాత, దేనితో దేన్ని జతచేయాలన్న ప్రశ్న మిగిలింది. విశ్రాంతి కణంలోనే గ్రాహకాలు చిన్న గుంపులుగా ఉంటాయని కొందరు సమాధానం చెప్పగా, 2018లో వియన్నా బృందాలు అవి విడివిడిగా, చెదురుమదురుగానే ఉంటాయని సూక్ష్మదర్శిని సాక్ష్యంతో వాదించాయి. ఒక్కొక్క అణువు అనేకసార్లు మెరవడం వల్ల అసలు లేని గుంపులు బొమ్మల్లో కనిపించవచ్చునన్న వారి అభ్యంతరం బలమైనదే.

రెండవది ఆకృతి వాదం. ప్రతిజనకం తగలగానే గ్రాహకం ఆకారం మారి, అంతవరకు త్వచంలో దాగి ఉన్న తోకలు ఎంజైములకు అందుబాటులోకి వస్తాయని దీని సారాంశం. సీడీ3 ఎప్సిలాన్ తోకలో దాగిన ఒక భాగం బయటపడుతుందని 2002లో బల్బీనో అలార్కోన్, వుల్ఫ్‌గాంగ్ షామెల్ తదితరులు నివేదించారు. ఆ తోకలోని టైరోసిన్లు త్వచపు కొవ్వుపొరలోకి చొచ్చుకుని ఉంటాయని 2008లో మరొక బృందం చూపింది. గ్రాహకం బలానికి స్పందించే సాధనమని ఎల్లిస్ రైన్‌హెర్జ్ వర్గం అంటుంది. కొన్ని సరైన ప్రతిజనకాలతో ఏర్పడే బంధం లాగేకొద్దీ వదలకుండా మరింత బిగుసుకుంటుందన్న 2014 నాటి కొలతలు దానికి ఊతం. అయితే 2022లో క్రయో ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినితో తీసిన బొమ్మలో, ప్రతిజనకం పట్టుకున్న గ్రాహకానికీ పట్టుకోనిదానికీ ఆకారంలో గుర్తించదగ్గ తేడా కనిపించలేదు. ఆ బొమ్మను డిటర్జెంటులో తీశారని, సహజమైన కొవ్వుపొరలో ఉంచితే విశ్రాంతి గ్రాహకం ముడుచుకున్న భంగిమలో కనిపిస్తుందని ఆ తరువాతి నిర్మాణాలు సూచించడంతో, ముగిసిందనుకున్న వాదం మళ్లీ తెరుచుకుంది.

మూడవది వేర్పాటు వాదం. 1996లో సైమన్ డేవిస్, ఆంటన్ వాన్ డెర్ మెర్వె ప్రతిపాదించిన ఈ ఆలోచన కేవలం పొడవుల మీద నిలబడింది. టీ కణ గ్రాహకం, దానికి ఎదురుగా ప్రతిజనకాన్ని మోసే అణువు కలిసి రెండు త్వచాల మధ్య సుమారు 15 నానోమీటర్ల ఎడం ఉంచుతాయి. సీడీ45 బయటి భాగం 20 నానోమీటర్లకు మించి నిలువుగా లేచి ఉంటుంది. ఇరుకైన ఆ చోటులో అది ఇమడలేక పక్కకు తప్పుకుంటుంది. చెరిపేవాడు తప్పుకున్న చోట ఎల్‌సీకే రాత నిలుస్తుంది. ప్రతిజనక అణువును కృత్రిమంగా పొడవు చేస్తే, బంధం బలం తగ్గకపోయినా సంకేతం సన్నగిల్లుతుందని 2005లో ప్రయోగం చెప్పింది. 2012లో జాన్ జేమ్స్, రోనాల్డ్ వేల్ రోగనిరోధక వ్యవస్థతో సంబంధమే లేని మూత్రపిండ కణాలలో గ్రాహకాన్ని, ఎల్‌సీకేను, సీడీ45ను, మరికొన్ని భాగాలను చేర్చి, ఇంతే సామగ్రితో ఈ వేర్పాటూ సంకేతమూ రెండూ పుడతాయని చూపించారు. ఈ వర్గపు సాక్ష్యాలలో అందంలోనూ బలంలోనూ దీనికి సాటి వచ్చేది లేదు. ఎదురుగా కణమేదీ లేకుండా ద్రావణంలో తేలే బహుబంధ ప్రతిజనకాలు కూడా టీ కణాన్ని ఉత్తేజపరచగలగడం మాత్రం ఈ వాదానికి ఇప్పటికీ మింగుడుపడని విషయం.

ఆరంభం వేరు, విచక్షణ వేరు

ఈ మూడింటికీ పోటీగా తరచు పేర్కొనే కాల పరిశీలన సిద్ధాంతం నిజానికి మరొక ప్రశ్నకు జవాబు. ప్రతిజనకాన్ని చూపే కణం మీద వేలాది సొంత ప్రొటీను తునకలుంటాయి. వాటి నడుమ గుప్పెడు పరాయి తునకలుంటాయి. రెండింటితోనూ గ్రాహకం బంధం ఏర్పరుస్తుంది. తేడా చాలావరకు బంధం నిలిచే కాలంలోనే ఉంటుంది, అది కూడా కొద్ది సెకన్ల తేడా. జాన్ హాప్‌ఫీల్డ్ 1974లో ప్రొటీను తయారీలో దోషాలు తగ్గే తీరును వివరించడానికి చెప్పిన ఆలోచనను తిమోతీ మెక్‌కీథన్ 1995లో టీ కణానికి వర్తింపజేశాడు. బంధం నిలిచి ఉన్నంతసేపే ఫాస్ఫేటు రాత ఒక్కొక్క మెట్టు ఎక్కుతుంది, మధ్యలో బంధం విడిపోతే రాతంతా చెరిగి మొదటికి వస్తుంది కాబట్టి, చివరి మెట్టుకు చేరేది ఎక్కువసేపు నిలిచే బంధం మాత్రమే.

ఆ మెట్లు ఏవన్నది చాలాకాలం తేలలేదు. 2019లో రెండు బృందాలు వెలుతురుతో బంధాన్ని కలిపి విడదీసే పద్ధతిలో, మరే ధర్మాన్నీ మార్చకుండా బంధకాలాన్ని మాత్రమే మార్చి, సంకేతం దాని మీదనే ఆధారపడుతుందని రుజువు చేశాయి. అదే ఏడాది వైస్ ప్రయోగశాల నుంచి వచ్చిన ఫలితం ఇంకా ఆసక్తికరమైనది. లాట్ ప్రొటీనులోని ఒక టైరోసిన్ మీద జాప్-70 చాలా నెమ్మదిగా రాస్తుంది. దాని పక్కనున్న గ్లైసిన్ అనే అమైనో ఆమ్లం ఎంజైముకు ఇంపుగా లేకపోవడమే అందుకు కారణం. ఆ గ్లైసిన్‌ను ఋణావేశం గల ఆస్పార్టేటుగా మార్చగానే రాత వేగం పుంజుకున్నది, దానితో టీ కణాలు మామూలుగా పట్టించుకోని బలహీన ప్రతిజనకాలకు కూడా స్పందించసాగాయి. ఇక్కడ ఎంజైము మందకొడితనమే కణానికి విచక్షణ. జాప్-70 ఋణావేశం గల చోట్లను ఇష్టపడుతుందని, ఎల్‌సీకే అటువంటి చోట్లకు దూరంగా ఉంటుందని, అందువల్ల ఒకదాని పని మరొకటి చేయలేదని జాన్ కురియన్ బృందం 2016లో చూపిన విషయంతో దీన్ని కలిపి చదివితే, మెట్ల అమరిక కాకతాళీయం కాదని అర్థమవుతుంది.

సహగ్రాహకాలు: సాయమా, బంధనమా?

ఎల్‌సీకేను సీడీ4, సీడీ8 మోసుకువచ్చి గ్రాహకానికి అందిస్తాయన్నది పాత పాఠం. 2007లో ఆల్‌ఫ్రెడ్ సింగర్ బృందం దీన్ని తలకిందులు చేసింది. సహగ్రాహకాలు, ప్రతిజనకాన్ని చూపే ఎంహెచ్‌సీ అణువులు రెండూ లేని ఎలుకలలో ఎంహెచ్‌సీతో పని లేకుండా ఇతర అణువులను గుర్తించే టీ కణాలు పుట్టాయి. అంటే సహగ్రాహకాలు ఎల్‌సీకేను కట్టిపడవేసి, ఎంహెచ్‌సీ ద్వారా వచ్చే గుర్తింపుకే దాన్ని పరిమితం చేస్తున్నాయి. 2021లో మెల్‌బోర్న్ పరిశోధకులు ప్రతిజనకం మీద వెనుకముందుగా వాలే గ్రాహకాలు బంధం ఏర్పరచినా సంకేతం పంపవని, ఎల్‌సీకేను సహగ్రాహకం నుంచి విడిపిస్తే మాత్రం పంపగలవని చూపి ఈ వాదానికి గట్టి అండ ఇచ్చారు. సహగ్రాహకాన్ని పట్టుకోలేని ఎల్‌సీకే గల ఎలుకలలో 2023లో జరిగిన పని, సీడీ4 కణాలకు ఆ బంధం చాలా అవసరమని, సీడీ8 కణాలు స్వేచ్ఛగా తిరిగే ఎల్‌సీకేతో చాలావరకు నెట్టుకురాగలవని తేల్చింది. రెండు రకాల కణాలకూ ఒకే పాఠం వర్తించదన్నమాట. ఇంతకాలం ఒక రకపు కణంలో వచ్చిన ఫలితాన్ని, అందులోనూ జుర్కాట్ అనే ల్యుకేమియా కణాలలో వచ్చిన ఫలితాన్ని, అన్ని టీ కణాలకూ అంటగట్టిన అలవాటు మీద ఇది తగిన విమర్శ.

పక్కపక్కన పెట్టి చూస్తే

వేర్పాటు వాదం, ఆకృతి వాదం, సమీకరణ వాదం మూడూ ఆరంభాన్ని వివరిస్తాయి, కాల పరిశీలన విచక్షణను వివరిస్తుంది. ఈ విభజనను ఒప్పుకుంటే సగం తగాదా తీరిపోతుంది. మిగిలిన సగంలో, రెండు కణాలు ఎదురెదురుగా తాకే సందర్భానికి వేర్పాటు వాదం బాగా సరిపోతుంది, ద్రావణంలోని ప్రతిజనకాలకు సమీకరణ సరిపోతుంది. ఆకృతి వాదానికి ఇంకా కావలసింది, ఆకారపు మార్పును అడ్డుకుని మిగతాదంతా యథాతథంగా ఉంచినప్పుడు సంకేతం ఆగిపోతుందని చూపే ప్రయోగం. సాక్ష్యాల బరువును బట్టి చూస్తే ప్రస్తుతానికి వేర్పాటు, కాల పరిశీలన రెండింటి కలయికదే పైచేయి. ఇంతకాలమూ కైనేజుల చుట్టూ తిరిగిన ఈ చర్చలో నిర్ణయాత్మక పాత్ర ఫాస్ఫటేజులదేనన్నది ఆ కలయిక చెప్పే అసలు సంగతి.

వైద్యంలో తేలని లెక్కలు

ఈ అస్పష్టత ప్రయోగశాల గోడలు దాటి వైద్యంలోకి కూడా వచ్చింది. 2004లో పీటీపీఎన్22 అనే జన్యువులో ఒక చిన్న మార్పు టైప్-1 మధుమేహానికి, కీళ్లవాతానికి ముప్పును పెంచుతుందని తెలిసింది. ఆ జన్యువు తయారుచేసే లిప్ అనే ఫాస్ఫటేజు సీఎస్‌కేను అంటిపెట్టుకుని ఉంటుంది. 620వ స్థానంలో ఆర్జినిన్ బదులు ట్రిప్టోఫాన్ వస్తే ఆ బంధం సడలుతుంది. అలా మారిన ఎంజైము మరింత చురుకైనదని 2005లో ఒక బృందం, అది త్వరగా క్షీణించి కొరవడుతుందని 2011లో మరొక బృందం చెప్పాయి. ఒకే జన్యుమార్పు లాభమా నష్టమా అన్న ఈ తగవు ఇంకా నడుస్తూనే ఉంది. కేన్సర్ చికిత్సలో పేరుపొందిన పీడీ-1 అనే నిరోధక గ్రాహకం విషయమూ ఇంతే. అది ఎస్‌హెచ్‌పీ-2 అనే ఫాస్ఫటేజును పిలిపించి సంకేతాన్ని అణచివేస్తుందన్నది అంగీకృతమే అయినా, ఆ వేటు ప్రధానంగా పడేది టీ కణ గ్రాహకం మీద కాదని, సీడీ28 అనే తోడు గ్రాహకం మీదనని 2017లో వచ్చిన ఫలితం పాత అవగాహనను మార్చింది. ఎలుకలలో ఎస్‌హెచ్‌పీ-2ను తొలగించినా పీడీ-1 పని పూర్తిగా ఆగలేదన్న మరుసటి ఏటి నివేదిక దాన్ని మరింత జటిలం చేసింది.

సీఏఆర్-టీ చికిత్సలో ఈ ఎంజైముల సంగతి మరొక రూపంలో ఎదురవుతుంది. భారతదేశంలో 2023 అక్టోబరులో అనుమతి పొందిన నెక్స్‌కార్19తో సహా, ఈ చికిత్సలలో రోగి టీ కణాలకు అమర్చే కృత్రిమ గ్రాహకం లోపలి తోక సీడీ3 జీటా నుంచి తీసుకున్నదే, అందులో మూడు ఐటామ్‌లుంటాయి. సహజ గ్రాహకం కొద్దిపాటి ప్రతిజనకాలకే స్పందిస్తుండగా, కృత్రిమ గ్రాహకానికి అంతకంటె ఎన్నోరెట్లు ఎక్కువ కావాలి. ఐటామ్‌లు పెంచితే ఆ లోటు తీరుతుందని అనిపించవచ్చు. మూడింటిలో రెండింటిని పనిచేయకుండా చేసి ఒక్కటే మిగిల్చిన కణాలు ఎలుకలలో ఎక్కువకాలం నిలిచి, గడ్డలను మెరుగ్గా అదుపు చేశాయని 2019లో మిషెల్ సాదెలెన్ బృందం చూపడం ఆ లెక్కను తారుమారు చేసింది. ఎల్‌సీకేను కూడా అణచగల ల్యుకేమియా మందు డాసటినిబ్‌తో ఈ కణాలను తాత్కాలికంగా నిలిపివేయవచ్చునని అదే ఏడాది ప్రయోగాలు తెలిపాయి.

ఇన్ని వివరాలు తెలిసినా, ఎల్‌సీకేను గాని జాప్-70ను గాని మాత్రమే ఎంచి అణచే మందు ఏదీ స్వయం ప్రతిరక్షక వ్యాధులకు ఇప్పటికీ వాడుకలోకి రాలేదు. మూత్రపిండ మార్పిడి చేయించుకున్న రోగులలో అత్యధికులు నేటికీ ఆధారపడుతున్నది ఈ గొలుసులో చాలా కింది మెట్టున, కాల్షియం సంకేతానికి స్పందించే కాల్సిన్యూరిన్ అనే ఫాస్ఫటేజును ఆపే టాక్రోలిమస్ మీద. దానికంటె ముందు వచ్చిన సైక్లోస్పోరిన్‌కు అమెరికాలో అనుమతి లభించింది 1983లో, అది ఆపే ఎంజైము ఏదో తెలిసింది 1991లో.